0731 మళ్ళీ పనిలోకి వచ్చాడు

చచ్చిపోయిన పందొమ్మిదో రోజున ఆ లిఫ్టు మెకానిక్ మళ్ళీ పనిలోకి వచ్చాడు.

ఈ సంగతి చెప్పింది మనుషులు కాదు, ఆయన ఫోనే. వంటగదిలో ఫ్రిజ్ మీద ఛార్జరుకు తగిలించి ఉన్న ఆ ఫోను మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి టింగుమంది. గిన్నెలు కడుగుతున్న ఆయన భార్య చేతులు తుడుచుకుని చూసింది. కంపెనీ మెసేజ్. "0731, పని మొదలైంది. 4,095వ సారి." 0731 ఆయన నంబరు. మూడేళ్ళుగా రోజుకు నాలుగైదుసార్లు వింటున్న టింగే అది. నలభై నిమిషాలకి ఇంకోటి. "0731, పని పూర్తయింది. 4,096వ సారి. ధన్యవాదాలు." ఆవిడ ఆ మెసేజ్ రెండోసారి పైకే చదువుకుంది.

ఆ వారంలోనే ఇంకో రెండు పనులు మొదలయ్యాయి, పూర్తయ్యాయి. పోయిన మనిషి ఫోనుకి ఇంకా ఛార్జింగు ఎందుకు పెడుతున్నావని ఇరుగుపొరుగు అడిగారు. తీసేద్దామంటే చెయ్యి రాలేదంతే. ఆరో మెసేజ్ వచ్చాక ఫోను సంచిలో వేసుకుని వెళ్ళి ముద్రల మేడమ్ తలుపు తట్టింది.

ముద్రల మేడమ్ ఇరవయ్యారేళ్ళు పోలీసుల వేలిముద్రల విభాగంలో కళ్ళు మసకబారేలా భూతద్దం పట్టి, రిటైరయ్యాక సొంతంగా కేసులు చూసుకుంటున్న మనిషి. అసలు పేరు జనం ఎప్పుడో మర్చిపోయారు. దయ్యాల కథంటే చిరాకు. కానీ ఆ మెసేజులు చదువుతుంటే ఆవిడకీ వెన్నులో ఏదో పాకింది. ఆ మాట ఒప్పుకోవడానికి ఆవిడకేం నామోషీ లేదు.

మెకానిక్ భార్య అడిగింది ఒక్కటే. "మా ఆయన తన తప్పు వల్లే పోయాడని రిపోర్టు రాశారు మేడమ్. పద్నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా రూలు తప్పని మనిషి. ఆయన తప్పేనా? నాకా ముక్క తెలిస్తే చాలు."

మర్నాడు పొద్దున పదింటికి ముద్రల మేడమ్ లిఫ్టు కంపెనీ సేఫ్టీ ఆఫీసరు ఎదుట కూర్చుంది. వీళ్ళిద్దరిదీ పాత పేచీ. ఇదివరకోసారి ఆయన రాసిన రిపోర్టుని ఈవిడ కోర్టులో చీల్చి చెండాడింది. ఆయన కుర్చీ చూపించాడు గానీ కూర్చోమనలేదు. ఈవిడ చెప్పించుకోకుండానే కూర్చుంది.

ఆయన విసుగ్గానే అయినా విషయం వివరంగా చెప్పాడు. లిఫ్టు కింద మనిషి లోతున గుంట ఉంటుంది. అందులో దిగి పనిచేసేవాడి నెత్తిమీదకి లిఫ్టు రాకూడదు. దానికోసం మూడేళ్ళ కిందట కంపెనీ ఒక్కో మెకానిక్కుకి ఒక్కో పెన్‌డ్రైవ్ ఇచ్చింది. పై అంతస్తు మెషిన్ రూములో ప్యానెల్‌కి గుచ్చితే దాన్లో ఉన్న ప్రోగ్రాము లిఫ్టుని ఆపేస్తుంది. దాన్ని పీకి మెడలో వేసుకుని గుంటలోకి దిగాలి. తిరిగి అదే డ్రైవు పైన గుచ్చితే తప్ప లిఫ్టు కదలదు. తోటివాడి డ్రైవు పనికిరాదు, ఆఫీసరుదీ పనికిరాదు. అందుకే మెకానిక్కులు దాన్ని తాళం అంటారు. తాళం మెడలో ఉన్నంతసేపు ప్రాణం తన గుప్పిట్లో భద్రంగా ఉన్నట్టే. ఆ ధైర్యంతోనే కంపెనీ గుంటల్లోంచి లిఫ్టుని ఆపే ఎర్ర బటన్లు కూడా పీకించేసింది.

మరి దాన్ని కాపీ చేస్తేనో అని అడిగింది మేడమ్.

అవదన్నాడు ఆఫీసరు. ఫైళ్ళు ఎన్నిసార్లైనా ఇంకో డ్రైవులోకి ఎత్తుకోవచ్చట, కానీ ప్రోగ్రాము లేవగానే ముందు తానున్న డ్రైవుకి ఫ్యాక్టరీలో వేసిన నంబరు చూసుకుంటుందట. అది తన డ్రైవు కాదని తెలిస్తే నోరు మూసుకు కూర్చుంటుందట. పైగా గుచ్చిన ప్రతిసారీ ఎన్నోసారో లెక్క రాసుకుంటుంది. అదే మెసేజులో వెళ్తుంది.

"ఆ లెక్కే నాకు అర్థం కావడంలేదు," అంటూ మేడమ్ మెకానిక్ ఫోను బల్లమీద పెట్టింది. "ఆయన పోయిన రోజు. పదకొండూ ఇరవైకి పని మొదలైంది, 4,116వ సారి. పదకొండూ నలభైరెండుకి పని పూర్తయింది, 4,094వ సారి. ఇరవై రెండు నిమిషాల్లో లెక్క ఇరవై రెండు వెనక్కి నడిచింది. మీ లెక్కలు ఎప్పుడూ ఇలాగే వెనక్కి నడుస్తాయా?"

ఆఫీసరు ఫోను వంక చూడలేదు. అది ఆవిడ గమనించింది. కొత్త సంగతి విన్నవాడు ఎవడైనా ముందు ఫోను చేతిలోకి తీసుకుని చూస్తాడు.

"ప్యానెల్లో చిన్న లోపం," అన్నాడాయన. "పాత కేసు తవ్వకండి మేడమ్. ఆయన పైకెక్కి లిఫ్టు ఆన్ చేశాడు, తర్వాత బుద్ధి గడ్డి తిని గుంటలో దిగాడు. రిపోర్టు ముగిసింది."

"సరే. మధ్యాహ్నం మూడింటికి ఆ బిల్డింగు దగ్గరికి రండి. ఆయన ఎలా పైకెక్కాడో మీరే చూపిద్దురు గాని."

అక్కడి నుంచి ఆవిడ మెకానిక్ ఇంటికి వెళ్ళింది. రెండు గదులు, నీటుగా సర్దిన అలమర, దాని తలుపుకి వేలాడుతున్న ఆయన యూనిఫాం చొక్కా. పోలీసులు తిరిగిచ్చిన తాళం ఒక కవర్లో ఉంది, నల్ల తాడుకి కట్టిన చిన్న పెన్‌డ్రైవ్. తాడు ఇంకా గ్రీజు వాసన కొడుతోంది. ఆయన స్నానానికి వెళ్ళినా దాన్ని తియ్యడని, ఒకసారి దాంతోనే నిద్రపోతే పొద్దున్నకి గుండెమీద అచ్చు పడిందని చెబుతూ భార్య ఏడుస్తూనే కాస్త నవ్వింది.

మేడమ్ ఫోనులో పాత మెసేజులు వెనక్కి జరిపింది. అసలు తాళం 4,093వ సారి వాడింది, ఆయన పోవడానికి ఆరు రోజుల ముందు, మంగళవారం పొద్దున పదీ ఐదుకి. 4,094వ సారి వాడింది బుధవారం పొద్దున. కాపీ లెక్క దాన్ని దించినప్పటి నుంచే సాగుతుంది, పోయిన రోజు వచ్చిందీ 4,094 కాబట్టి కాపీ ఏదైనా జరిగితే ఆ రెంటికీ మధ్యే జరగాలి.

"మంగళవారం ఆయన మెడలోంచి అది తీశాడా?"

భార్య ఆలోచించింది. ఆ రోజు మోకాళ్ళకి స్కానింగు. ఇనుప వస్తువేదీ ఒంటిమీద ఉండకూడదన్నారు. ఆయన ఎంత గింజుకున్నా నర్సు ఒప్పుకోలేదు. తాడు తీసి తన పర్సులో పెట్టి భార్య చేతికిచ్చాడట. లోపల ఎంతసేపున్నాడంటే ముప్పావుగంట. పర్సు నీ దగ్గరే ఉందా అని మేడమ్ అడిగితే, నా దగ్గరే ఉంది అంది. అని, ఎందుకో ఒక్క క్షణం ఆగింది. ఆ ఆగడం మేడమ్ కంటపడింది. కానీ గుచ్చి అడగలేదు. కొన్ని జవాబులు వాటంతట అవి బయటికి వస్తేనే నిజాలవుతాయని ఆవిడ నమ్మకం.

మూడింటికి పదకొండంతస్తుల ఆ బిల్డింగు కింద నలుగురు చేరారు. మేడమ్, ఆఫీసరు, మెకానిక్ భార్య, ఆవిడ తమ్ముడు. తమ్ముడు కూడా అదే కంపెనీలో మెకానిక్. బావతో ఎప్పుడూ జోడీగా వెళ్ళేవాడు. బావ కింద, తను పైన. ఆ రోజూ అంతే. విచారణ పేరుతో కంపెనీ అతని తాళం లాక్కుని ఇంట్లో కూర్చోబెట్టింది. పోలీసులకి అతను చెప్పింది ఇంతే: పదకొండూ ముప్పై ఎనిమిదికి బావ ఫోను చేసి పనైపోయింది పైకొస్తున్నానన్నాడు, తర్వాత నాకేం తెలీదు. మనిషి చిక్కి శల్యమయ్యాడు. చొక్కా గుండీలు కూడా పైదాకా పెట్టుకోలేదు.

మేడమ్ వాచీ చూసుకుంటూ పదకొండంతస్తులూ ఎక్కి దిగింది. ఎక్కడానికి తొమ్మిది నిమిషాలు పట్టింది, ఆవిడ మోకాళ్ళు బాగానే ఉన్నాయి. కింది అంతస్తు పళ్ళ డాక్టరు దగ్గర చీటీలు రాసే అమ్మాయి మెకానిక్కుని ఆ రోజు పదకొండూ నలభైకి మెట్ల మొదట్లో చూసింది. అప్పుడే టోకెను ఇస్తూ టైము రాసింది కాబట్టి తిరుగులేదు.

"అరిగిపోయిన మోకాళ్ళతో రెండు నిమిషాల్లో పదకొండంతస్తులు ఎక్కి, లిఫ్టు ఆన్ చేసి, మళ్ళీ కిందికి దిగి గుంటలో పడ్డాడా?" అంది మేడమ్ ఆయాసపడుతూ. "ఎగిరి వెళ్ళాడేమో అడుగుదాం."

ఆఫీసరు ప్యానెల్ గడియారం తప్పన్నాడు. ఆవిడ ఆ మాట విననట్టే సంచిలోంచి పోలీసు ఫోటో తీసింది. బయట మెట్ల దగ్గర నిలబడి భార్య మొహం తిప్పుకుంది. ఫోటోలో మెకానిక్ చేతిలో రెండు మోకాలి తొడుగులున్నాయి, ఒకదానిమీద ఒకటి పెట్టి పట్టీతో కట్టేసి.

అన్నీ మానేసి ఆవిడ ఆ ఫోటోనే చాలాసేపు చూసింది. గుంటలో పనిచేసేవాడు తొడుగులు మోకాళ్ళకి వేసుకుంటాడు. పనైపోయాక విప్పి, జతగా కట్టి పెట్టుకుంటాడు. పైకొస్తున్నానని ఫోను చేసినవాడు మెట్ల దాకా వెళ్ళాడు. అక్కడ తొడుగులు గుంటలో మర్చిపోయానని గుర్తొచ్చింది. వెనక్కొచ్చి దిగాడు. భయమెందుకు? తాళం మెడలోనే ఉంది. అది ఉండగా లిఫ్టు కదిలే ప్రసక్తే లేదు. అంత నిశ్చింతగా ఆ మనిషి చావులోకి దిగాడు. 

పైకెక్కినప్పుడు గుచ్చి లిఫ్టు ఆపొచ్చిన అసలు తాళాన్ని ఆవిడ మెడలో వేసుకుంది. గుంట తలుపు తీయించి, చువ్వల నిచ్చెన మీదుగా లోపలికి దిగింది. కింద స్ప్రింగు, గోడలకి అంటిన నల్లటి జిడ్డు, ఎర్ర బటన్ పీకేసిన చోట నాలుగు ఖాళీ మేకు బెజ్జాలు. తలెత్తితే పైన చీకట్లో లిఫ్టు అడుగుభాగం. తీగలు ఎక్కడో కిర్రుమన్నాయి. మెడలో తాళం చల్లగా తగులుతుంటే, దీన్ని నమ్ముకునే కదా ఆయనా ఇక్కడే నిలబడ్డాడు అనిపించింది. అయినా పైకి రాలేదు. అక్కడి నుంచే తమ్ముణ్ణి పిలిచింది.

"బాబూ, నాకు నెత్తిమీద భయంగా ఉంది. తాళం నా మెడలోనే ఉంది, నిజమే. లిఫ్టు రాదని నువ్వు పూచీ పడతావా?"

తమ్ముడు గుంట అంచున నిలబడ్డాడు. ఫ్యాంటు జేబులో చెయ్యి పెట్టి, ఒక పెన్‌డ్రైవ్ తీసి, మోకాళ్ళమీద కూలబడి ఆవిడకి అందించాడు. తాడు లేదు. మిగతా అంతా ఒకటే.

"బయటికి రండి మేడమ్. మీకు దణ్ణం పెడతాను, బయటికి రండి."

ఆవిడ పైకొచ్చాక అతను చెప్పింది చెప్పినట్టు చెబితే ఇదీ. తన బావ రోజుకి రెండు మూడు బిల్డింగుల మెట్లెక్కి నరకం చూసేవాడు. లిఫ్టు ఆపింది తామే కాబట్టి లిఫ్టులో వెళ్ళే యోగం కూడా లేదు. తాళం ఆయన మెడలో ఉంటుంది కనుక ఆయనే ఎక్కాలి. మీ బావ కాళ్ళు చూడరా, ఏదైనా ఉపాయం చెయ్యరా అని అక్క రోజూ సతాయించేది. సెల్‌ఫోన్లు రిపేరు చేసేవాడొకడు తాళాలు కాపీ చేస్తాడని మెకానిక్కుల్లో గుసగుస. నంబరు తిరగరాయగలిగే డ్రైవులు తెప్పించి, ఫ్యాక్టరీ నంబరుతో సహా దించేస్తాడట. స్కానింగు రోజున తోడుగా వెళ్ళినప్పుడు అక్క చేతిలో పర్సు కనిపించింది. టీ తాగొస్తా, చిల్లర కావాలి అని పర్సు అడిగాడు. ఇరవై నిమిషాల్లో తిరిగిచ్చాడు. బావకి చెప్పలేదు. చెబితే చెంప పగలగొట్టేవాడు.

"ఆ రోజే మొదటిసారి వాడాను," అన్నాడు. "పైకొస్తున్నానని ఫోను చేశాడు కదా, మెట్లెక్కనివ్వడం ఎందుకని కాపీ గుచ్చి లిఫ్టు ఆన్ చేసి కిందికి పంపాను. బావ తలుపు తెరుచుకోగానే ఆశ్చర్యపోతాడనుకున్నాను. లిఫ్టు పంపాను మేడమ్. ఆయన కోసమే పంపాను."

మరి తర్వాత మూడు బిల్డింగుల సంగతేంటని మేడమ్ మెల్లిగా అడిగింది. అవి బావ మాటిచ్చి మిగిల్చిపోయిన పనులట. తన తాళం కంపెనీ తీసుకుంది, చేతిలో ఉన్నది ఇదొక్కటే. బావ ఇచ్చిన మాట పోకూడదని వెళ్ళి చేసొచ్చాడట. ఫోను మోగుతుందని తట్టలేదట.

అక్క గోడకానుకుని నిలబడింది. తమ్ముణ్ణి తిట్టలేదు, కొట్టలేదు. "పర్సు నేనే ఇచ్చాను," అంది. "పొద్దున మీరడిగినప్పుడే గుర్తొచ్చింది. చెప్పడానికి నోరు రాలేదు."

ఆఫీసరు గొంతు సవరించుకున్నాడు. సరే, ఉన్న ఒక్క కాపీ దొరికింది, పీడా వదిలింది, దీన్ని ఇక్కడితో వదిలేస్తే అందరికీ మంచిది, ఈ కుర్రాడికి మరీ మంచిది అన్నాడు.

అప్పుడే మేడమ్ చేతిసంచిలో ఫోను టింగుమంది.

నలుగురూ సంచి వైపే చూశారు. అసలు తాళం మేడమ్ మెడలో ఉంది. కాపీ ఆవిడ గుప్పిట్లో ఉంది. ఆవిడ ఫోను తీసి పైకే చదివింది. "0731, పని మొదలైంది. 4,094వ సారి. కంటి ఆసుపత్రి బిల్డింగు." టైము మూడూ నలభై ఆరు.

మెకానిక్ భార్య చేత్తో నోరు మూసుకుంది. తమ్ముడి మొహంలో నెత్తుటి చుక్క లేదు. మేడమ్‌కి మాత్రం అంతా తేటతెల్లమైంది. మళ్ళీ అదే 4,094. అంటే ఆ మంగళవారమే రిపేరువాడు తన కోసం ఇంకోటి దించుకున్నాడు, దాన్ని ఎవరో ఇవాళే మొదటిసారి గుచ్చారు. వాడి దగ్గర ఎన్నున్నాయి అని అడిగింది.

"డబ్బా నిండా ఉన్నాయి మేడమ్," అన్నాడు తమ్ముడు. "తాళం పాడైందని కంపెనీకి చెబితే వారం పని ఉండదు. అందుకని వాడి దగ్గర కొంటారు. జతగా ఇస్తాడు. కిందివాడికొకటి, పైవాడికొకటి."

మేడమ్ ఆఫీసరు ఎదురుగా వెళ్ళి నిలబడింది. లెక్క వెనక్కి నడిచిందని ఆయనకి మొదటి రోజే తెలుసు. పొద్దున ఫోను వంక చూడకపోవడమే దానికి సాక్ష్యం. కాపీ అవుతుందని ఒప్పుకుంటే ఊళ్ళో ఉన్న ప్రతి తాళం మీదా నమ్మకం పోతుంది, అందుకని చచ్చినవాడి నెత్తిన తప్పు రుద్ది చేతులు దులుపుకున్నాడు.

"ఈ నిమిషాన గుంటల్లో ఎంతమంది ఉన్నారు?"

ఆయన తన ఫోనులో చూశాడు. "నలభై ఒక్కమంది."

"బయటికి రమ్మని చెప్పండి."

"పైవాళ్ళని అడగకుండా... అంతమందిని ఒక్కసారే పని ఆపమంటే..."

ఆయన మాట పూర్తికాలేదు. మెకానిక్ భార్య వచ్చి మేడమ్ చేతిలోంచి భర్త ఫోను తీసుకుంది. దాంట్లో మెకానిక్కుల గ్రూపు ఉంది. ఆయన పోయినప్పటి నుంచి ఆ గ్రూపులో ఆయన పేరుతో ఒక్క మాట రాలేదు. మైకు బటన్ నొక్కి పట్టుకుంది.

"నేను మీ అన్న భార్యని మాట్లాడుతున్నాను. గుంటల్లో ఉన్నవాళ్ళు అందరూ ఇప్పుడే పైకి రండి. మెడలో తాళాన్ని నమ్మకండి. దానికి కాపీలున్నాయి. మీ అన్న రూలు తప్పలేదు, దాన్ని నమ్మే పోయాడు. పైకొచ్చినవాళ్ళు వచ్చామని చెప్పండి."

అర నిమిషం ఏమీ లేదు. చచ్చిపోయినవాడి పేరు ఫోనులో వెలిగితే ఎవరికైనా తేరుకోవడానికి ఆమాత్రం పడుతుంది. తర్వాత ఒకటి వచ్చింది. వచ్చాను వదినా. ఇంకోటి. వచ్చాం అక్కా. టింగు టింగుమంటూ ఫోను ఆగకుండా మోగింది. ఇన్నాళ్ళూ ఆవిడని బెదరగొట్టిన చప్పుడే అది. తమ్ముడు వేళ్ళు ముడుస్తూ లెక్కపెట్టాడు. ఆఫీసరు జాబితా తెరిచి, పైకొచ్చినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే కొట్టేస్తున్నాడు, ఎవరూ చెప్పకుండానే. ముప్పై ఏడు. ముప్పై తొమ్మిది. నలభై.

నలభై ఒకటో జవాబు రాలేదు. మిగిలింది కంటి ఆసుపత్రి.

అక్కడికి వెళ్ళిన మెకానిక్కు నంబరు ఆఫీసరు జాబితాలో చూసి ఆవిడ ఫోను చేసింది. అవతల మోగుతూ పోయింది. నాలుగు, ఐదు, ఆరు. ఏడో రింగుకి ఎవరో ఎత్తారు.

"హలో... అన్నా?" కుర్ర గొంతు, బెదిరిపోయి ఉంది. అవతలి తెరమీద పోయిన అన్న పేరు చూసి ఉంటాడు. "ఎవరు?"

"వదినని. నీ జోడీ మెకానిక్ ఏడి?"

"కింద వదినా. ఫోను నా దగ్గర పెట్టి దిగాడు. పని చిటికెలో అయిపోయింది, పైకొస్తున్నానని కేకేశాడు. ఆయనకి ఆయాసం కదా, మెట్లు ఎందుకని నేనే లిఫ్టు పంపుదామని..."

తమ్ముడు రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు.

"గుచ్చావా?"

"గుచ్చబోతున్నా. చేతిలోనే ఉంది."

"దాన్ని కింద పడెయ్యి," అంది ఆవిడ. "నేను వింటుండగా పడెయ్యి."

నేలమీద ఏదో చిన్నది పడిన చప్పుడు వినిపించింది.

"ఇప్పుడు లిఫ్టు షాఫ్టులోకి వంగి ఆయన్ని పిలువు. జవాబు వచ్చేదాకా పిలువు. ఏదీ ముట్టుకోకు."

అతను పిలిచాడు. ఆ పిలుపు ఎన్ని అంతస్తుల లోతుకో దిగింది. మేడమ్ తన మెడలో తాడుని గట్టిగా పట్టుకుంది. మళ్ళీ పిలిచాడు. ఆఫీసరు చేతిలో జాబితా మీద పెన్ను ఆ చివరి పేరు దగ్గరే ఆగి ఉంది. మూడోసారి పిలిచాడు.

ఎక్కడో అట్టడుగు నుంచి, విసుగ్గా, ఒక మగగొంతు పలికింది. "ఏంట్రా నీ గోల? స్పానరు మర్చిపోయానని మళ్ళీ దిగాను."

ఆవిడ ఫోను పెట్టేసి, మెట్ల మొదట్లో, తన భర్త ఆఖరుసారి కనిపించిన చోట కూర్చుంది. ఏడవడం మొదలుపెట్టింది. కాసేపటికి పక్కన చోటు చూపించి తమ్ముణ్ణి కూడా కూర్చోమంది.